సొంత వాడకం

చేతితో చేసిన వస్తువుల కొట్టు నడుపుతున్నానని చెప్పగానే ఎదుటివాళ్ళ చూపు ముందు నా చేతుల మీదకి పోతుంది. పెళ్ళిళ్ళలో అయితే పక్కన కూర్చున్నావిడ చెయ్యి పట్టుకుని, తిప్పి మరీ చూస్తుంది. వేళ్ళకి రంగు మరకలో సూదిపోట్లో కనిపిస్తాయని ఆశ. నా చేతికి ఉన్నదల్లా పోపు చిట్లి పడ్డ మచ్చ. చొక్కా గుండీ ఊడితే మా ఆయనే కుట్టుకుంటారు. నేను కుడితే గుండీ గట్టిగానే ఉంటుంది గానీ దాని కాజా ఎక్కడుందో వెతుక్కోవాలి. నేను ముగ్గు పెడితే చుక్కలది ఒక దారి, గీతలది ఒక దారి. అందుకని సంక్రాంతి నెలంతా మా వాకిట్లో ముగ్గు పనమ్మాయిదే. వీధిలోవాళ్ళు ఫోటో తీసుకుంటుంటే పక్కన నిలబడి నవ్వేది మాత్రం నేను.

కాబట్టి దాపరికం లేకుండా చెబుతున్నాను: కాకినాడలో మా వీధిగదిలో ఉన్న ఈ కొట్లో నేను చేసిన వస్తువు ఒక్కటీ లేదు. కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కపిడతలు, పెడన అద్దకం గుడ్డలు, నరసాపురం లేసులు, నిమ్మలకుంట తోలుబొమ్మలు. అన్నీ ఎవరెవరి చేతులో చేసినవి. నావి లెక్కలు రాసే చేతులు అందామంటే అదీ అబద్ధమే. లెక్కలు రాసేది మా ఆయన.

ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో పాలవాడి చీటీకి కూడా జమా ఖర్చులు వేస్తారు. నా కొట్టు పుస్తకంలో కొనుగోళ్ళు ఒక పేజీ, అమ్మకాలు ఒక పేజీ, ఆ తర్వాత ఎర్ర సిరాతో 'సొంత వాడకం' అని ఒక పేజీ పెట్టారు. కొట్టువాడు తన సరుకు తానే ఇంట్లోకి పట్టుకుపోతే రాసే పద్దు అది. కిరాణా కొట్టాయనకి అందులో కిలో పంచదార, అరకిలో కందిపప్పు ఉంటాయి. నాకు అంబారీ ఏనుగులున్నాయి.

మొదటి ఏడాది చివర లెక్క కడితే, ఆ ఎర్ర పేజీ అమ్మకాల పేజీని దాటిపోయింది. "ఇది కొట్టు కాదే, నీ కోసం నువ్వు పెట్టుకున్న తీర్థం" అన్నారు ఆయన. నా వాదన నాకూ ఉంది. కొండపల్లి బొమ్మ చేసేది తెల్లపొణికి కర్రతో. చేతిలోకి తీసుకుంటే కర్రా, కాగితమా అనిపించేంత తేలిక. మెత్తన కాబట్టి ఉలికి లొంగుతుంది. ఉలికి లొంగేది పార్శిలు మోసేవాడికి లొంగదా? పైగా ఆ బొమ్మ ఒక్క ముక్కగా ఉండదు. చేతులు, తొండాలు, గొడుగులు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ మీద సున్నపు పూత, ఆ మీద రంగు. పెట్టె మీద 'ఈ వైపు పైకి' అని బాణం గుర్తు వేయించి పంపిస్తారు పాపం. మా ఇంటికొచ్చేసరికి ఆ బాణం ఎప్పుడూ నేలని చూపిస్తూ ఉంటుంది. విప్పితే తాడిచెట్టెక్కాల్సిన గీత కార్మికుడు చెట్టు దిగి పక్కన పడుకుని ఉంటాడు. అంబారీ మీద రాజుగారుంటారు, మావటి ఉండడు.

అలాంటివాటిని నేను ఫెవికాల్‌తో బాగుచేస్తాను. మక్కుతో వాళ్ళు అతికించిన చెయ్యి మనవల దాకా ఉంటుంది. నేను అతికించాక, నమస్కారం పెట్టాల్సిన పూజారి టాటా చెబుతున్నాడు. కొనేవాళ్ళకి ఇవ్వలేం, పారెయ్యడానికి మనసొప్పదు. మరి ఎక్కడికి పోతాయి? టీవీ మీదకి, ఫ్రిజ్జు మీదకి, అత్తయ్యగారి మందుల అలమరలోకి.

ఇక్కడిదాకా చెప్పింది మా ఆయనకి చెప్పే మాట. అసలు సంగతేమిటంటే దెబ్బ తగలని బొమ్మల్లో కూడా నేను దెబ్బలు వెతుకుతాను. నచ్చిన చిలకని వెలుగులో తిప్పి తిప్పి చూసి, "కన్ను కొంచెం వంకరగా లేదూ? ఇది అమ్మితే పేరు పోతుంది" అంటాను. అలా మా ఇంటి చిలకలన్నీ కాగితం మీద మెల్లకన్నువే.

మా ఇంట సంక్రాంతి బొమ్మల కొలువు అందుకే చూడ్డానికి ధర్మాసుపత్రి వార్డులా ఉంటుంది. ఒక ఏడు దశావతారాల సెట్టులో వామనుడు కనపడకుండా పోయాడు. మిగిలిన తొమ్మిదిమందిని ఎవరు కొంటారు? కొలువులో పెట్టేశాను. పేరంటానికొచ్చిన ఒకావిడ వేలితో లెక్కపెట్టి, "వామనుడేడండీ?" అని నిలదీసింది. నేను నీళ్ళు నములుతుంటే మా అత్తయ్యగారు కుర్చీలోంచి లేవకుండానే, "మూడో అడుగు ఎక్కడ పెట్టాలో చూసుకోడానికెళ్ళాడు, వచ్చేస్తాడు" అన్నారు. వచ్చాడు కూడా. ఉగాదికి ఇల్లు దులిపితే ఫ్రిజ్జు కింద గొడుగు లేకుండా దొరికాడు. ఈలోగా మత్స్యావతారం తోక విరిగింది. సెట్టు మళ్ళీ తొమ్మిదే.

కొట్టు పెట్టినప్పుడు మా అమ్మాయి ఒక సలహా చెప్పింది. రోజూ వాట్సాప్ స్టేటస్‌లో కొట్టు కబురో, మనసుకి తోచిన మంచి మాటో ఒకటి పెట్టాలట. జనం వస్తువుని కొనరట, వస్తువు వెనక ఉన్న బతుకుని కొంటారట. మా బతుకు ఎవరైనా కొంటారంటే నాకూ సంతోషమే కదా. మొదలుపెట్టాను.

'ఉదయపు ఎండలో లక్కపిడతల మెరుపు చూస్తూ, చేతిలో వేడి కాఫీ.' ఆ పూట గ్యాసు అయిపోయింది. కప్పులో ఉన్నవి నీళ్ళు. 'ఇవాళ కొట్టుకి సెలవు. కొత్త ఊహల కోసం చిన్న ప్రయాణం.' మా ఆడపడుచు మామగారి సంవత్సరీకానికి వెళ్ళాం. 'నిదానంగా చేసిన వస్తువుకే ఆయుష్షు.' ఇది రాస్తూ కుక్కరు సంగతి మరిచిపోయి, మాడిన పప్పు పారబోసి, కర్రీపాయింటు నుంచి సాంబారు తెప్పించాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నది నన్ను చూసే పుట్టించి ఉంటారు. కొనేవాళ్ళు చూసినా చూడకపోయినా బంధువులు మాత్రం ఒక్క స్టేటస్ వదలరు. కాఫీ ఫోటో పెట్టిన పది నిమిషాలకి ఆడపడుచు ఫోను: "వదినా, ఆ కప్పు కింద స్టూలు మాదే కదూ? శ్రావణంలో అడిగి పట్టుకెళ్ళావు."

ఇక ఊహల విషయం. అవి నాకు రాత్రి పదకొండు దాటాక వస్తాయి, వంటిల్లు సర్దేసి అందరూ పడుకున్నాక. వాటి ఖర్చంతా మర్నాటి వంటింటి మీద పడుతుంది.

సరుకు కోసం పెడన వెళ్ళినప్పుడు అద్దకం పని దగ్గర నిలబడి చూశాను. టేకు అచ్చుని రంగుకి ఆనించి, గుడ్డ మీద పెట్టి, గుప్పిటతో ఒక్క పోటు. పక్కన మళ్ళీ అచ్చు, మళ్ళీ పోటు. పువ్వుకీ పువ్వుకీ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు. పోటు పొడిచే ఆయన పక్కవాడితో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. తిరుగు బస్సులో దారిపొడుగునా 'ఇంతేనా' అనుకుంటూ వచ్చాను. మా ఇంట్లో పాడైన వస్తువుల్లో చాలావాటి చావుకి నా నోట వచ్చిన ఈ 'ఇంతేనా'యే మూలం.

కలంకారీకి గుడ్డని ముందు గంజి పోయేలా ఉతకాలి. ఆ తర్వాత కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో పాలు పోసి నానబెట్టి ఆరెయ్యాలి. కరక్కాయ వగరు రంగుని గుడ్డకి పట్టి ఉంచుతుంది. పాలలో కొవ్వు, గీసిన రంగు అటూ ఇటూ పాకిపోకుండా ఆపుతుంది. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. దాన్ని కసిమి అంటారు. రంగు డబ్బాలు కొనే పనే లేదు, అన్నీ ఇంట్లో ఉండేవే! ఈ ఆలోచన వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారకుండానే పెరట్లో పాత మేకులు, ఊడిన తలుపు బందులు ఏరుకొచ్చి, బెల్లం చితక్కొట్టి, ఖాళీగా ఉందని ఊరగాయ జాడీలో వేసి వాసెన కట్టాను. ఎండాకాలం ముందు జాడీలు కడిగించడం అత్తయ్యగారికి అలవాటు. మూత విప్పి చూసి కొడుకుని కేకేశారు: "ఒరేయ్, నీ పెళ్ళాం మేకులు ఊరబెట్టిందిరా!"

ఆ పూటే రెండో నేరం కూడా బయటపడింది. తోడుపెట్టడానికి కాచి ఉంచిన చిక్కటి గేదెపాలు కరక్కాయ నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. ఎనభై దాటిన మనిషి, మజ్జిగన్నం లేనిదే భోజనం పూర్తికాని మనిషి, రాత్రి ప్యాకెట్ పెరుగు ముందు కూర్చుని, "గుడ్డకి గేదెపాలు, గుమ్మంలో ఉన్నదానికి ప్యాకెట్టు" అన్నారు. నేనేమీ అనలేదు. చెప్పడానికి ఏమన్నా ఉంటే కదా.

అసలు కథ ఆరేసేటప్పుడు జరిగింది. మా పెరట్లో బట్టల తీగ ఇనుపది. కాకినాడ సముద్రపు గాలికి ఇనుము ఎన్నాళ్ళు ఇనుములా ఉంటుంది? కరక్కాయలో నానిన తడిగుడ్డ తెచ్చి ఆ తుప్పు తీగ మీద బారుగా వేశాను. సాయంత్రం తీసి చూద్దును కదా, మధ్యలో ఈ చివర్నుంచి ఆ చివరికి నల్లటి చార. గాలికి ఎగిరి కిటికీ ఊచలకి తగిలినచోట మరో నాలుగు. జాడీలో మేకులూ బెల్లమూ కలిసి వారాల తరబడి తయారుచెయ్యాల్సిన నలుపుని, వగరుకి తుప్పు తగలగానే మా తీగ ఒక్క పూటలో తేల్చేసింది. పక్కనే ఆరేసిన మా ఆయన తెల్ల పంచె తడిగుడ్డకి ఆనుకుని, దానికీ ఒక చార పడింది.

ఇలాంటప్పుడు బుద్ధిమంతులు గుడ్డని మడిచి పాతబట్టల్లో పెడతారు. నేను ఇస్త్రీ చేయించి కొట్లో వేలాడదీశాను. స్టేటస్‌లో 'గాలీ ఎండా కలిసి గీసిన గీత' అని రాశాను. మర్నాడే ఆర్కిటెక్చర్ చదివే పిల్ల ఒకతె వచ్చి, "లైన్స్ ఎంత బాగున్నాయో ఆంటీ, ఎవరు చేశారు?" అంది. తీగ అని చెప్పలేక, "పేరు చెప్పుకోవడం ఇష్టపడరమ్మా" అన్నాను. అడిగినంత ఇచ్చి పట్టుకెళ్ళింది. వెళ్తూ వెళ్తూ వసారా వైపు చూసి, "అదే డిజైన్‌లో ఆ పంచె కూడా ఇస్తారా?" అని అడిగింది. దాన్ని అప్పుడు మా ఆయన కట్టుకుని ఉన్నారు.

ఆ ధైర్యంతో రెండోసారి కావాలని ఆరేశాను. ఈసారి వచ్చింది చార కాదు, మట్టిరంగు మరక. మేకుల జాడీ సంగతంటారా, అత్తయ్యగారు ఎప్పుడో పారబోయించేశారు.

అన్నట్టు, కొనడానికి వచ్చేవాళ్ళలో నాకు భయం వేసేది బేరమాడేవాళ్ళని చూసి కాదు, ప్రశ్నలు వేసేవాళ్ళని చూసి. ఒకాయన ఏటికొప్పాక బొంగరం పట్టుకుని, "చేత్తో చేసిందని బోర్డు పెట్టారు, ఇది లేతు మీద తిరిగిందే కదా?" అన్నాడు. నిజమే, తిరిగిందే. ఆ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు. నేను వరాహ నది ఒడ్డు నుంచి మొదలుపెట్టాను. అంకుడు కర్ర లేతు మీద తిరుగుతుంటే, ఉలి ఎంత లోతు దిగాలో మనిషి చెయ్యే చూసుకోవాలన్నాను. లక్కబద్దని ఆనిస్తే రాపిడి వేడికే కరిగి కర్రని పట్టుకుంటుందన్నాను. మొగలాకుతో మెరుగు పెట్టడం, పసుపు కొమ్ముల నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి ఎరుపు, మధ్యలో రసాయన రంగులొచ్చి పడితే సి.వి. రాజుగారు మళ్ళీ చెట్ల రంగుల దారి పట్టించడం, 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకి పద్మశ్రీ, అన్నీ వరసగా చెప్పుకుపోయాను. ఈలోగా వాళ్ళ చంటాడు బొంగరాన్ని నోట్లో పెట్టుకున్నాడు. తల్లి కెవ్వుమంది. "ఏం పర్లేదమ్మా, పసుపే" అన్నాను. అదే అదనుగా మా ఆయన లోపల్నుంచి వచ్చి, 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారనీ, హస్తకళల విభాగంలో పేరు నమోదైన కళాకారులు అమ్మే బొమ్మలకి మినహాయింపు ఉందనీ, బ్యాంకులో లోను కాగితాలు చదివినట్టు మొదలుపెట్టారు. వాళ్ళు బయటపడ్డారు. బొంగరం చొంగతో బల్ల మీద మిగిలింది. ఎర్ర పేజీ.

నా కొట్లో బాగా అమ్ముడయ్యేవి లేసులు. నరసాపురం పక్క పల్లెటూరి నుంచి ఒకావిడ నెలకోసారి సంచీ పట్టుకుని, పాలకొల్లు, చించినాడ వంతెన, అమలాపురం మీదుగా బస్సులు మారి వస్తుంది. ఆ గోదావరి పల్లెల్లో ఆడవాళ్ళకి ఈ పని పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పారు. తల్లి కూతురికి, అత్త కోడలికి చెప్పుకుంటూ ఇప్పటిదాకా వచ్చింది. సన్న కొక్కెం సూదీ, తెల్ల దారమూ, మధ్యలో ఆవిడ చూపు. ఈమధ్య కళ్ళజోడు పడింది.

ఆవిడ వచ్చిన ఒక రోజు చెప్పుకోవాలి. దానికి ముందురోజు మా ఇంటికి చుట్టాలొచ్చారు. కొట్టు చూసి, "ఎలా నడుస్తోంది?" అన్నారు. "ఆవిడకి కాలక్షేపం" అన్నారు మా ఆయన, నవ్వుతూనే. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అలిగి అన్నం మానేశాను. కర్రీపాయింటు నుంచి పులిహోర తెప్పించుకుని గదిలో తిన్నాను, అది వేరే సంగతి. అమ్మాయికి ఫోన్ చేసి ఏడిస్తే, "అమ్మా, దీని మీద పుస్తకమే ఉంది" అంది. జర్మనీ నుంచి వచ్చిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు ఆడవాళ్ళ మధ్య తిరిగి రాసిందిట, 1982లో అచ్చయింది. ఆ ఆడవాళ్ళు అల్లినవి విదేశాలకి పోతాయి, వర్తకులు లాభపడతారు. అల్లేవాళ్ళని మాత్రం ఎవరూ పనివాళ్ళు అనరు. ఇంటిపట్టున ఉండే ఇల్లాళ్ళు, తీరిక వేళల్లో ఏదో చేసుకుంటున్నారు అంటారు. తీరిక పనికి కూలి ఎంతిస్తారు? అదీ ఆవిడ పట్టుకున్న ముడి. అమ్మాయి చెప్పిందంతా కాగితం మీద రాసుకుని, మా ఆయన్ని కూర్చోబెట్టి, గొంతు వణుకుతుండగా చదివి వినిపించాను. ఆయన పాపం తలొంచుకుని విన్నారు.

తెల్లారి పదింటికి లేసావిడ వచ్చింది. ప్లాస్టిక్ స్టూలు వేశాను. (కొట్లో చేతిపని కుర్చీలున్నాయి గానీ అవి కూర్చోడానికి కాదు.) సంచీలోంచి బల్లగుడ్డలు తీసి పరిచి, నీళ్ళు తాగి, "దారం రేటు పెరిగిందండి, ఈసారి కాస్త చూడండి" అంది.

నేనేమన్నానో రాయాలంటే నాకే చెయ్యి రావడం లేదు. "ఎంతడుగుతావమ్మా, ఇంట్లో కూచుని టీవీ చూస్తూ అల్లేదేగా?" అన్నాను.

లోపలి గదిలో మా ఆయన టీవీ సౌండు తగ్గించారు.

లేసావిడకి కోపం రాలేదు. కళ్ళజోడు సర్దుకుని, బల్లగుడ్డకి నేను కట్టిన ధర చీటీ తిప్పి చూసింది. "అవునండి, ఇంట్లోనేనండి. మీరూ ఇంట్లో కూచునే అమ్ముతారు కదండి" అంది. ఆ గోదావరి మర్యాదలో ఒక్క 'అండి' కూడా తగ్గలేదు.

గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నారు, చేతిలో నా నిన్నటి కాగితంతో. ఆవిడ అడిగినంత ఇచ్చాను. న్యాయం తెలిసి ఇచ్చానని రాసుకుందును గానీ, ఆ కాగితం చూసి ఇచ్చాను.

రేటు పెరిగింది, బల్లగుడ్డ ధర అంతకి అంత పెంచితే కొనేవాళ్ళు లేరు. ఎక్కడో తగ్గించాలి. ఎక్కడ తగ్గించాలో మా ఆయన పుస్తకం తెరిచి వేలుపెట్టి చూపించారు. ఆ రోజుతో ఎర్ర పేజీ మూసెయ్యడానికి ఒప్పుకున్నాను. ఒట్టు కూడా వేశాను. అయితే కొట్టన్నాక ప్రచారం ఉండాలి కదా? అంబారీ ఏనుగు టీవీ మీద ఉంటే వచ్చేపోయేవాళ్ళు చూస్తారు, చూస్తే అడుగుతారు, అడిగితే కొంటారు. కాబట్టి దాన్ని 'ప్రచార ఖర్చు' కింద రాయమన్నాను. బయటివాళ్ళ కంట పడితేనే ప్రచారం, అత్తగారూ కోడలూ చూసుకుంటే కాదు అన్నారు ఆయన.

అందుకని ఇప్పుడు ఎవరొచ్చినా హాల్లోకి పిలిచి టీవీ ఎదురుగా కూర్చోబెడుతున్నాను. కేబులు కుర్రాడు చూశాడు, కరెంటు రీడింగు తీసే అతను చూశాడు. మొన్న గ్యాసు బండ దింపిన అతను చెమట తుడుచుకుంటూ ఏనుగు వైపు చూసి, "బాగుందమ్మా, ఎంత? మా పాపకి తీసుకుంటాను" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సంగతి మా ఆయనకి గర్వంగా చెప్పాను.

"మంచిదేగా. ఎంత చెప్పావు?" అన్నారు.

"అది అమ్మేది కాదని చెప్పాను."